ఉష్ణమండల దీవిలో కయాక్, టెంట్: గాలి, పోటు, మంచినీళ్ళు చూసుకుని ప్లాన్ చేసుకోండి

మీరు అడిగింది ఇదీ: నలుగురు స్నేహితులు, చేతిలో వారం రోజులు. రెండు డబుల్ కయాక్‌లు అద్దెకు తీసుకుని ఏదైనా ఉష్ణమండల దీవిని పూర్తిగా చుట్టి రావాలి, రాత్రికో ఒడ్డున టెంట్ వేయాలి, ప్రకృతికి హాని చేయకూడదు. ఇద్దరికి చెరువుల్లో కయాక్ నడిపిన అలవాటుంది, మిగతా ఇద్దరికి అదీ లేదు. ఏ దీవి, ఏ నెల, ఏమేం మోసుకెళ్ళాలి అని.

చుట్టి రావాలన్న ఆలోచన ముందు పక్కన పెట్టండి. మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. ఏ దీవికైనా గాలికి ఎదురొడ్డే వైపు ఒకటుంటుంది. చుట్టి రావాలంటే ఎప్పుడో ఒకప్పుడు ఆ వైపు వెళ్ళక తప్పదు. నడిసముద్రంలో పుట్టిన అలలు అక్కడ అడ్డూ ఆపూ లేకుండా వచ్చి పడతాయి. దిగడానికి ఒడ్డు దొరకదు, దొరికినా అలలు విరిగే చోట పడవ తిరగబడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు క్యాలెండరుతో వస్తుంది. ఐదో రోజు గాలి లేచిందనుకోండి, ఏడో రోజు ఫ్లైట్ ఉంది కదా, కయాక్‌లు అప్పగించాలి కదా అని బయల్దేరకూడని పొద్దున బయల్దేరతారు.

దానికి బదులు ప్రశాంతంగా ఉండే ఒడ్డు ఒకటి చూసుకోండి. ఇరవై, పాతిక కిలోమీటర్ల పొడవుంటే మీ వారానికి ధారాళంగా సరిపోతుంది. అందులో ఇదివరకే క్యాంపులకు కేటాయించిన చోట్లు రెండు ఎంచుకోండి. ఒక్కో చోట రెండు మూడు రాత్రులు ఉండి, పగలు ఖాళీ కయాక్‌లతో తిరిగి రండి. గాలి బాగా లేని రోజు చెట్టు కింద పడుకుంటే ప్లాన్‌కి వచ్చే నష్టమేమీ ఉండదు. ప్రకృతికి హాని లేకుండా అన్నారు కదా, దానికీ ఇదే మేలు. ఆరు రాత్రులకు ఆరు కొత్త చోట్లు తొక్కడం కన్నా, ఇప్పటికే గట్టిపడిన నేల మీద రెండు చోట్ల టెంట్ వేస్తే నష్టం చాలా తక్కువ.

ఏ వైపు ప్రశాంతంగా ఉంటుందో మ్యాప్ చూసి చాలావరకు చెప్పొచ్చు. భూమధ్యరేఖకు ఉత్తరాన వ్యాపార పవనాలు ఈశాన్యం నుంచి, దక్షిణాన ఆగ్నేయం నుంచి వీస్తాయి. కాబట్టి హవాయి, కరీబియన్, ఫిజీ లాంటి చోట్ల మామూలుగా తూర్పు ఒడ్డు గాలి తగిలే వైపు, పడమటి ఒడ్డు గాలిచాటు. ఆగ్నేయాసియాలోనూ, హిందూ మహాసముద్రం ఉత్తర భాగంలోనూ ఈ లెక్క పనికిరాదు. అక్కడ ఋతుపవనాలదే రాజ్యం. సగం ఏడాది ఒక దిక్కు నుంచి, సగం ఏడాది ఇంకో దిక్కు నుంచి గాలి వీస్తుంది, ప్రశాంతమైన ఒడ్డు కూడా దాంతోపాటే మారుతుంది. థాయ్‌లాండ్‌లో అండమాన్ సముద్రం వైపున్న సిమిలన్, సురిన్ జాతీయ పార్కులను ఏటా మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా మూసేస్తారు. ఆ నెలల్లో అక్కడ నైరుతి గాలి. మలేషియా తూర్పు తీరంలోని పెర్హెంతియన్ దీవుల్లో దీనికి సరిగ్గా ఎదురు: ఏడాది చివర ఈశాన్య ఋతుపవనం మొదలవగానే బసలు మూతపడతాయి, ఏప్రిల్ తర్వాత సముద్రం బాగుంటుంది. అందుకే దీవి ముందు, నెల తర్వాత అనుకోకండి. మీకు సెలవు దొరికే నెల ఏదో ఖాయం చేసుకుని, ఆ నెలలో గాలిచాటు ఎక్కడుందో వెతకండి.

గాలి ఒక్కటే చూసినా చాలదు. హవాయిలోని కవాయి దీవికి వాయవ్యాన నా పాలీ తీరం ఉంది. కొండలు నిటారుగా సముద్రంలోకి దిగే ఆ చోటు ఫొటోలు చూసి చాలామంది మనసు పారేసుకుంటారు. అక్కడ కయాక్‌లు తిరిగేది వేసవిలోనే. చలికాలంలో వేల కిలోమీటర్ల దూరాన ఉత్తర పసిఫిక్‌లో లేచిన తుపానుల అలలు, ఇక్కడ ఆకు కదలకపోయినా, ఆ తీరాన్ని బాదుతుంటాయి. కాబట్టి వాతావరణ సూచనలో గాలితోపాటు దూరపు అలల ఎత్తు, వాటి మధ్య వ్యవధి కూడా చూడండి. ఒకే ఎత్తున్న అలలైనా, ఆరు సెకన్లకొకటి వచ్చేదాని కన్నా పదిహేను సెకన్లకొకటి వచ్చేది ఒడ్డు దగ్గర చాలా బలంగా విరుగుతుంది. తుపాను నెలలు ఎలాగూ వదిలేస్తారు: అట్లాంటిక్, కరీబియన్‌లకు జూన్ నుంచి నవంబర్, దక్షిణ పసిఫిక్‌కు నవంబర్ నుంచి ఏప్రిల్. భూమధ్యరేఖకు ఐదు డిగ్రీల లోపు తుపానులు దాదాపు పుట్టవు. అక్కడ మీరు చూసుకోవలసింది ఉన్నట్టుండి నల్లగా కమ్ముకొచ్చి అరగంట ఊపేసి పోయే గాలివానలు.

ఇక్కడే అసలు మెలిక ఉంది, దీన్ని చాలామంది ఆలోచించరు. కొండలున్న దీవిలో ప్రశాంతమైన ఒడ్డే ఎండిన ఒడ్డు. గాలి మోసుకొచ్చిన మబ్బులన్నీ ఎదురు వైపు కొండల మీదే కురిసిపోతాయి. వాగులు, జలపాతాలు ఆ వైపే. మీరు కయాక్ నడపగలిగే వైపు వాన తక్కువ, వాగులు ఎండిపోయి ఉంటాయి. పైగా మీరు వెళ్ళేది వానలు లేని నెలల్లో. కాబట్టి మీ ప్రయాణం ఎంత పొడవు ఉండాలో తేల్చేది మీ ఓపిక కాదు, మంచినీళ్ళు.

లెక్క వేసి చూడండి. ఎండలో తెడ్డు వేసే మనిషికి తాగడానికి, వంటకి కలిపి రోజుకు ఐదు లీటర్లు పెట్టుకోవాలి. నలుగురికి మూడు రోజులకు 60 లీటర్లు, అంటే 60 కిలోలు, కయాక్‌కు 30. మామూలు డబుల్ సీ కయాక్ మనుషులతో కలిపి 200 నుంచి 250 కిలోల దాకా మోస్తుంది. ఇద్దరు మనుషులు 140, నీళ్ళు 30, టెంట్, తిండి, స్టవ్, బట్టలు అన్నీ కలిపి ఇంకో 35. మొత్తం 205. పడవ మునగదు గానీ బరువుగా, బద్ధకంగా కదులుతుంది. ఇంతకు మించి నింపితే అలల్లో మాట వినదు. అంటే మూడు రోజులకోసారి నీళ్ళు దొరికే చోటుకి చేరాలి. లేదా మిమ్మల్ని దించే మోటారు పడవవాళ్ళ చేతే రెండో క్యాంపు దగ్గర నీళ్ళు ముందుగా పెట్టించుకోవాలి. నేనైతే ఈ రెండో పద్ధతినే ఎంచుకుంటాను, ఖర్చు కాస్త ఎక్కువైనా సరే.

నీళ్ళు ఒకే పెద్ద క్యానులో తీసుకెళ్ళకండి. ఐదు, పది లీటర్ల మెత్తటి సంచుల్లో నింపుకుంటే పడవ పొట్టలో ఏ మూలకైనా ఇముడుతాయి, ఒకటి చిల్లిపడినా మిగతావి ఉంటాయి. సీటుకు వెనకాల, అడుగున, మధ్యగీతకు దగ్గరగా సర్దండి. ముక్కు దగ్గర బరువు పెడితే అలలోకి దూసుకుపోతుంది, తోక దగ్గర పెడితే గాలికి పక్కకు తిరుగుతుంది.

మాల్దీవుల్లాంటి చదునైన పగడపు దీవులైతే కొండలూ లేవు, వాగులూ లేవు. అక్కడ వాననీరు ఇసుకలోకి ఇంకి, ఉప్పునీటి కన్నా తేలిక కనుక దాని మీద తేలుతూ ఉంటుంది. సిద్ధాంతం ప్రకారం ఆ మంచినీటి మట్టం సముద్రానికి ఒక సెంటీమీటరు పైన ఉంటే, కింద నలభై సెంటీమీటర్ల లోతుకు ఉన్నట్టు. చిన్న దీవుల్లో పైన ఉండేది చాలా తక్కువ, అందుకే ఆ నిల్వ చాలా సున్నితం. ఎండాకాలంలో అక్కడివాళ్ళ బావులకు అదే ఆధారం. వాళ్ళని అడగకుండా ఆ నీళ్ళు తోడుకోవద్దు. పైన ఇసుకలో మీరు గుంత తీసి మలం పూడిస్తే అది ఎక్కడికి చేరుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మలవిసర్జన సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. మరుగుదొడ్డి ఉన్న క్యాంపు దొరికితే మిగతా సౌకర్యాలు లేకపోయినా దాన్నే ఎంచుకోండి. అది లేని పెద్ద దీవిలో, మట్టి లోతుగా ఉన్న అడవిలో, నీటికి కనీసం 60 మీటర్ల దూరంగా 15 నుంచి 20 సెంటీమీటర్ల గుంత తీసి పూడ్చాలి, కాగితం మాత్రం వెనక్కి తెచ్చుకోవాలి. చిన్న దీవిలో ఎటు 60 మీటర్లు నడిచినా అవతలి ఒడ్డు వస్తుంది, ఇసుకలో కుళ్ళబెట్టే మట్టీ ఉండదు. అక్కడ ఒక్కటే దారి: గట్టిగా మూత పడే డబ్బా, లోపల ద్రవాన్ని పీల్చే పొడి ఉన్న సంచులు, అన్నీ మూటగట్టి మీతోపాటు వెనక్కి. మొదటి రోజు మొహం చిట్లిస్తారు, రెండో రోజుకి అలవాటైపోతుంది. నలుగురూ ఇంటి దగ్గరే దీనికి ఒప్పుకోవాలి. అక్కడికెళ్ళాక వాదన పెట్టుకుంటే ఒక్కరూ చేయరు.

ఇక పోటూ పాటూ. దీవిని బట్టి దీని ప్రభావం విపరీతంగా మారుతుంది. హవాయిలో పోటుకీ పాటుకీ తేడా మీటరు లోపే. ఆస్ట్రేలియాలో విట్‌సండే దీవుల దగ్గర పెద్ద పోట్లకి నాలుగు మీటర్ల దాకా ఉంటుంది. అక్కడ తప్పు గంటలో వస్తే, పొద్దున పడవ దింపిన చోట సాయంత్రం అర కిలోమీటరు బురద కనిపిస్తుంది. అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజులు పోటు పెద్దది, పాటూ పెద్దదే. అష్టమి దగ్గర రెండూ చిన్నవి. కొత్తవాళ్ళు కాబట్టి అష్టమి మీ వారం మధ్యలో పడేలా తేదీలు చూసుకోండి, సగం తలనొప్పి తగ్గుతుంది. చాలా చోట్ల రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ప్రతిరోజూ యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతాయి. నీరు ఆరు గంటల్లో ఒకే వేగంతో ఎక్కదు. మొదటి గంట, చివరి గంట మందకొడిగా ఉంటుంది, మొత్తం ఎత్తులో సగం మధ్య రెండు గంటల్లోనే ఎక్కేస్తుంది. ప్రవాహం బలంగా ఉండేదీ అప్పుడే. దీవికీ దీవికీ మధ్య ఇరుకు దారి దాటాలంటే పోటు తిరిగే ఆ కాసేపట్లో దాటండి. మీరు గంటకు ఐదు కిలోమీటర్లు వెళ్తున్నప్పుడు, పక్క నుంచి రెండు నాట్ల (గంటకు సుమారు 3.7 కిలోమీటర్ల) ప్రవాహం ఉంటే, గంటలో అది మిమ్మల్ని దాదాపు నాలుగు కిలోమీటర్లు పక్కకు నెట్టేస్తుంది. చేరాలనుకున్న దీవి చేతికందకుండానే పోతుంది.

పగడాల విషయంలోనూ పోటే కీలకం. నీరు తగ్గిన వేళ పగడపు దిబ్బ మీదుగా ఒడ్డుకు రావడానికి ప్రయత్నిస్తే ఏమవుతుందంటే, మోకాలి లోతులో పడవ అడుగు కర్రుమంటుంది. దిగి నెట్టబోతారు, కాలి కింద ఇంకోటి పుటుక్కుమంటుంది. వంగి చూస్తే గోధుమ రంగు కొమ్మ, విరిగిన చోట సుద్దలా తెలుపు. వేగంగా పెరిగే కొమ్మల పగడాలే ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు పెరుగుతాయి, గుండు రాళ్ళలా ఉండేవి చాలావరకు సెంటీమీటరు దగ్గరే ఆగుతాయి. మనుషుల తాకిడి తట్టుకోలేక థాయ్‌లాండ్‌లో మాయా బే అనే బీచ్‌ను 2018లో మూసేస్తే, మళ్ళీ తెరిచింది 2022లో. కాబట్టి పోటు సగానికి పైన ఉన్నప్పుడే రండి, ఇసుక అడుగు లేతగా కనబడే దారి చూసుకుని రండి. ఎక్కడ దారి ఉందో ముందురోజే నడి మధ్యాహ్నపు ఎండలో ఒడ్డున ఎత్తైన చోట నిలబడి చూసిపెట్టుకుంటే చక్కగా తెలుస్తుంది. వాలు ఎండలో నీళ్ళ మీద మెరుపు తప్ప ఏమీ కనబడదు.

పగడపు దిబ్బ చుట్టుకుని లోపల సరస్సులా ఉండే చోట ఇంకో ప్రమాదం ఉంది. బయట పెద్ద అలలు దిబ్బ మీదుగా నీళ్ళను లోపలికి పోస్తూనే ఉంటాయి. ఆ నీళ్ళన్నీ ఎక్కడో ఒక గండిలోంచి బయటికి పోవాలి. అలలు పెద్దవైతే పోటు ఎక్కుతున్నా సరే ఆ గండిలో ప్రవాహం బయటికే ఉంటుంది. లోపల అద్దంలా ఉన్న నీళ్ళు చూసుకుంటూ గండి దగ్గరికి పోకండి.

గాలికి కూడా రోజువారీ పద్ధతి ఉంది. ఎండ ఎక్కేకొద్దీ నేల వేడెక్కి, పదీ పదకొండు గంటలకు సముద్రపు గాలి మొదలవుతుంది, మధ్యాహ్నం రెండు మూడు గంటలకు ముదురుతుంది. తెల్లవారగానే నీళ్ళలో ఉండి, పదకొండు గంటలకల్లా ఒడ్డెక్కేయడం మీ నియమం కావాలి. నీటి మీద అక్కడక్కడా తెల్లని నురుగు తలలు కనబడుతున్నాయంటే గాలి పది నాట్ల దగ్గర ఉంది, కొత్తవాళ్ళకు అదే హద్దు. ఎటు చూసినా నురుగే అయితే పదిహేను దాటుతోంది, పడవ దించకండి. అన్నిటికన్నా మోసం చేసేది ఒడ్డు నుంచి సముద్రం వైపు వీచే గాలి. ఒడ్డు పక్కన నీళ్ళు నున్నగా కనబడతాయి, రెండు వందల మీటర్లు వెళ్ళాక తెలుస్తుంది తిరిగి రావడం ఎంత కష్టమో. బరువున్న పడవతో మీరు గంటకు నాలుగైదు కిలోమీటర్లు వెళ్తారు, ఎదురుగాలిలో సగం. కాబట్టి క్యాంపు మారే రోజున పది, పన్నెండు కిలోమీటర్లకు మించి ప్లాన్ చేయొద్దు.

పడవ విషయానికొస్తే, లోపల నీరు చొరని అరలు ముందూ వెనకా ఉన్న డబుల్ సీ కయాక్, చుక్కాని ఉన్నది అడగండి. పక్కగాలిలో చుక్కాని లేకపోతే ఒక చెయ్యే రోజంతా పనిచేయాలి. పైన కూర్చునే రకం కయాక్‌లే దొరికితే అవీ మంచివే, తిరగబడితే ఎక్కడం తేలిక. కానీ వాటి మీద వారం సామాను కట్టకండి. సామాను మోటారు పడవలో క్యాంపుకి పంపించి, కయాక్‌లతో పగటి తిరుగుళ్ళు మాత్రం పెట్టుకోండి. ఒక్కో పడవలో అలవాటున్నవారు ఒకరు, లేనివారు ఒకరు కూర్చోండి, అలవాటున్నవారు వెనక.

వెళ్ళే ముందు ఒక పూట తప్పకుండా చేయవలసిన సాధన ఉంది: లైఫ్ జాకెట్ వేసుకుని, పడవను కావాలని తిరగేసి, కిందనుంచి బయటపడి, రెండో పడవ సాయంతో నీళ్ళు వంచి, మళ్ళీ ఎక్కి, పంపుతో మిగిలిన నీళ్ళు తోడేయడం. నలుగురూ చేయాలి, అదీ ఒకసారి సరదాగా కాదు, చేతులు వాటంతట అవే కదిలేదాకా. ఇది రానివాళ్ళు ఒక్కరున్నా, అలలు తగలని చిన్న అఖాతం దాటి బయటికి వెళ్ళకండి. మిగతా సలహాల్లో మీకు నచ్చినవి తీసుకోండి, దీంట్లో మాత్రం బేరం లేదు.

టెంట్ ఎక్కడ వేయాలి? ఇసుక మీద ఎండిన నాచు గీతలా పరుచుకుని ఉంటుంది, మొన్నటి పోటు అక్కడిదాకా వచ్చిందన్నమాట. అమావాస్య దగ్గరపడుతుంటే రేపటిది దాన్నీ దాటుతుంది. కొబ్బరిచెట్టు కింద వద్దు, కాయ పడితే తల మిగలదు. కరీబియన్‌లో ఒడ్డున చిన్న పచ్చని ఆపిల్ లాంటి కాయలతో మాంచినీల్ అనే చెట్టుంటుంది. వానలో దాని కింద నిలబడినా కారే నీటికి ఒళ్ళు బొబ్బలెక్కుతుంది, కాయ నోట్లో పెట్టకూడదు, కట్టె కాల్చకూడదు. ఇసుకను పట్టి ఉంచే తీగల మీద, మొక్కల మీద టెంట్ పరచకండి.

ఇసుక పై భాగం తాబేళ్ళ చోటు కూడా. గుడ్లు పెట్టే కాలమైతే ఆ ఒడ్డున క్యాంపే వద్దు. తప్పనిసరైతే తెల్ల లైట్లు ఆపేయండి, ఎర్రని మసక లైటు వాడండి. పిల్లలు గుడ్లలోంచి రాత్రిపూట బయటికొచ్చి వెలుతురున్న వైపు పాకుతాయి. సముద్రం వైపు ఆకాశం మామూలుగా నేల వైపు కన్నా వెలుగుగా ఉంటుంది, అదే వాటి గుర్తు. మీ లైటు వైపు తిరిగితే తెల్లారేసరికి పీతలకో పక్షులకో ఆహారం. ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడదా మగదా అన్నది తేలుతుంది కాబట్టి, ఒడ్డున మంట వేయడం, గూటి పక్కన నీడలు కట్టడం లాంటివి పెట్టుకోకండి. మంట అసలే వద్దు. కొట్టుకొచ్చిన కట్టెల కింద పీతలు, పురుగులు బతుకుతుంటాయి. క్వీన్స్‌లాండ్‌లోని హించిన్‌బ్రూక్ లాంటి జాతీయ పార్కు దీవుల్లో స్టవ్ తప్ప మంట నిషేధం. గ్యాస్ డబ్బాలు విమానంలో ఎక్కనివ్వరు, కాబట్టి స్టవ్ తెచ్చుకుని ఇంధనం దిగాక కొనుక్కోండి. మీ స్టవ్‌కు సరిపడే రకం అక్కడ దొరుకుతుందో లేదో ముందే అడిగి తెలుసుకోండి.

ఎలుకల బెడద దీవుల్లో ఉన్నంతగా ఇంకెక్కడా ఉండదేమో. సంచి గుడ్డ, టెంట్ గుడ్డ కొరికేస్తాయి. తిండి గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లోనే ఉంచాలి, అదీ టెంట్‌లో కాదు. ఒక దీవి నుంచి ఇంకో దీవికి వెళ్ళేటప్పుడు సంచులు దులిపి, చెప్పుల అడుగున గింజలు, చీమలు లేకుండా చూడండి. ఎలుకలు లేని దీవిలో నేల మీద గూడు పెట్టే సముద్ర పక్షులుంటాయి. గర్భంతో ఉన్న ఎలుక ఒక్కటి దిగితే చాలు, వాటి కథ ముగిసినట్టే.

సన్‌స్క్రీన్ గురించి అడగలేదు గానీ, హవాయిలో పగడాలకు హాని చేస్తాయని ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్నవాటి అమ్మకాన్ని 2021 నుంచి నిషేధించారు, పసిఫిక్‌లోని దీవుల దేశం పలావు 2020లోనే ఇలాంటి చట్టం తెచ్చింది. జింక్ ఆక్సైడ్ రకం ముఖానికి, చేతులకి రాసుకుని, మిగతా ఒంటికి పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు వేసుకోండి. బట్ట చెమటకు కారిపోదు, రెండు గంటలకోసారి పూయక్కర్లేదు. సబ్బు మీద 'జీవవిఘటనం' అని రాసి ఉన్నా వాగులో వాడకండి, అది కలవాల్సింది మట్టిలో.

మొసళ్ళు, జెల్లీచేపల సంగతి భయపెట్టడానికి కాదు, తీరం ఎంచుకునేటప్పుడు తెలియాలని చెబుతున్నా. ఉత్తర ఆస్ట్రేలియా, పలావు, సోలమన్, అండమాన్ దీవుల్లో ఉప్పునీటి మొసళ్ళున్నాయి. అక్కడ మడ అడవుల్లోకి, ఏరు కలిసే చోట్లకు గైడ్ లేకుండా వెళ్ళొద్దు, నీటి అంచున గిన్నెలు కడగొద్దు. ఉత్తర ఆస్ట్రేలియాలో సుమారు నవంబర్ నుంచి మే దాకా బాక్స్ జెల్లీచేపల కాలం, ఒంటినిండా పలుచని సూట్ వేసుకోవాలి, సీసాడు వెనిగర్ దగ్గరుంచుకోవాలి. కుడితే వెనిగర్ పోసి వెంటనే సాయం పిలవాలి. రాయిలా కనబడే విషపు చేప, రాయిచేప, ముల్లు దిగితే ఒళ్ళు ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో, 45 డిగ్రీలకు మించకుండా, పాదం ముంచి ఉంచాలి. అందుకే అడుగు మందంగా ఉన్న బూట్లు. పగడం గీసుకుంటే చిన్న గాయమని వదిలేయకండి, బ్రష్‌తో రుద్ది కడగండి, లేకపోతే మూడో రోజుకి చీము పడుతుంది.

సాయం పిలవడానికి 406 మెగాహెర్ట్‌జ్ బీకన్ (ఉపగ్రహం ద్వారా ప్రమాద సంకేతం పంపే పరికరం) ఒకటి, చేతిలో ఇమిడే వీహెచ్ఎఫ్ రేడియో (దగ్గర్లోని పడవలతో మాట్లాడేది) ఒకటి ఉండాలి, ప్రమాద పిలుపుకు 16వ ఛానెల్. రెండూ లైఫ్ జాకెట్‌కే కట్టుకోండి, పడవ చేజారితే మీతో మిగిలేది జాకెట్టే. భారత్‌తో సహా కొన్ని దేశాల్లో అనుమతి లేని శాటిలైట్ ఫోన్ దగ్గరుంటే కేసవుతుంది, ముందే కనుక్కోండి. ఒడ్డున ఒకరికి మీ దారి, తిరిగొచ్చే గంట రాసి ఇవ్వండి. ఆ గంట దాటితే ఎంతసేపు చూసి ఎవరికి ఫోన్ చేయాలో కూడా అందులోనే రాయండి.

అనుమతులు చాలా ముందుగా చూసుకోవాలి. హించిన్‌బ్రూక్‌లో థార్స్‌బోర్న్ ట్రయల్ అనే నడక దారి మీద ఒకేసారి 40 మందికే చోటు. నా పాలీ తీరంలో దిగి ఉండాలంటే పర్మిట్ కావాలి, అవి తెరిచిన కొద్దిసేపటికే అయిపోతుంటాయి. పలావులో రాక్ ఐలాండ్స్‌కు వేరే పర్మిట్. ఖాళీగా కనబడే దీవి ఎవరిదీ కాదని అనుకోకండి. ఏదో గ్రామానిదో, అటవీ శాఖదో అయ్యుంటుంది.

మీ వారాన్ని నేనైతే ఇలా పంచుతాను: మొదటి రోజు దిగడం, ఇంధనం, నీళ్ళు, మధ్యాహ్నపు గాలి తగ్గాక అఖాతంలో తిరగబడి ఎక్కే సాధన. రెండో రోజు తెల్లవారి మొదటి క్యాంపుకి. మూడో రోజు ఖాళీ పడవలతో తిరుగుడు. నాలుగున రెండో క్యాంపుకి, అక్కడ ముందే పెట్టించిన నీళ్ళు అందుకోవడం. ఐదు పూర్తిగా ఖాళీ, గాలి బాగా లేని రోజు ఏది పడితే అది ఇక్కడికి జరుగుతుంది. ఆరున వెనక్కి, ఏడున కడుగుడు, ప్రయాణం. చంద్రుడు లేని రాత్రులు పడితే తెడ్డు కదిపినప్పుడల్లా నీళ్ళు నీలంగా మెరిసే చోట్లు కొన్ని ఉన్నాయి, డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవుల పని అది. ప్యూర్టోరికోలో వియెకేస్ దీవి మస్కీటో బే దీనికి పేరుపొందింది, అక్కడ ఈతకు మాత్రం అనుమతి లేదు. అలాంటిదానికి రాత్రి గైడ్‌తోనే వెళ్ళండి, ఒంటికి దోమల మందు పూసుకుని నీళ్ళలో చేయి పెట్టకండి.

చివరగా, కయాక్‌లు అద్దెకిచ్చేవాళ్ళతో డబ్బు కట్టే ముందు ఇవి మాట్లాడండి. గాలి లేస్తే ఒక రోజు ఆలస్యానికి అదనంగా వసూలు చేస్తారా? మధ్యలో ఆపేయాలంటే మోటారు పడవ వచ్చి తీసుకెళ్తుందా, ఎక్కడిదాకా? పడవ పొట్ట మూతల రబ్బరు చూపించమనండి. వేలితో ఒత్తితే మెత్తగా లోపలికి పోయి మళ్ళీ పైకి రావాలి, పగుళ్ళుంటే వేరే పడవ అడగండి. మీ ఊహలో ఉన్న దీవి, నెల రాస్తే, అక్కడి గాలి, పోటు పట్టిక చూసి ఏ ఒడ్డు మీకు పనికొస్తుందో చెబుతాను.